ఇచిరో .311ని లీగ్ యావరేజ్ పక్కన పెట్టి చూశా

సియాటెల్ దగ్గర ఉంటూ బేస్‌బాల్ చూడనంటే ఎవరూ ఏమీ అనరు గానీ, ఇక్కడి టీమ్ మెరైనర్స్‌కి ఏళ్లపాటు ఆడిన ఇచిరో సుజుకీ గొప్ప బ్యాటరేం కాదంటే మాత్రం గొడవే. మా బావమరిది సరిగ్గా ఆ మాటే అన్నాడు, "సింగిల్స్ కొట్టడం తప్ప ఏముంది బావా?" అని (సింగిల్ అంటే బ్యాటర్ మొదటి బేస్ దాకానే చేరే హిట్). సరే, లెక్క తీద్దాం అని ఎక్సెల్ తెరిచాను.

అమెరికా మేజర్ లీగ్ కెరీర్ మొత్తానికి 9,934 అట్ బ్యాట్స్ (బంతి కొట్టకుండానే బేస్ దక్కినవి లాంటివి పోను బ్యాటింగ్‌కి దిగిన సార్లు), 3,089 హిట్లు (బంతి కొట్టి బేస్ చేరినవి), అంటే .311. మన క్రికెట్ యావరేజ్‌లా పరుగుల లెక్క కాదిది, వంద అట్ బ్యాట్స్‌లో 31 సార్లు హిట్ అన్నమాట. కానీ ఆ కాలంలో మిగతావాళ్లు ఎంత కొట్టారో తెలియకుండా ఈ అంకె ఏమీ చెప్పదు. 1930లో బిల్ టెర్రీ .401 కొట్టాడు, 1968లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ .301తోనే అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి, రెండోది నేషనల్ లీగ్) బ్యాటింగ్ టైటిల్, అంటే అత్యధిక యావరేజ్ టైటిల్ గెలిచాడు. ఆయా ఏళ్లలో టెర్రీ ఆడిన లీగ్ యావరేజ్ .303, యాస్ట్రెమ్‌స్కీ లీగ్‌ది .230. భాగించి చూస్తే టెర్రీ లీగ్ కంటే 32 శాతం పైన, యాస్ట్రెమ్‌స్కీ 31 శాతం పైన. వంద పాయింట్ల తేడా అనుకున్నది దాదాపు మాయం! (1968లో పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, మరీ రెచ్చిపోవడంతో మరుసటి ఏడాది వాళ్లు నిలబడే దిబ్బ, మౌండ్ ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు.)

డేటా దొరకడం కష్టం కాదు, బేస్‌బాల్ గణాంకాలుండే లామన్ డేటాబేస్ ఉచితం. సీజన్ మధ్యలో టీమ్ మారితే అందులో రెండు వరుసలుంటాయి, 2012లో ఇచిరో సియాటెల్ నుంచి న్యూయార్క్ వెళ్లాడు కాబట్టి ఆ రెండూ కలపాలి. అసలు చిక్కు లీగ్ యావరేజ్‌ని కెరీర్‌కి కుదించడంలో ఉంది. 2004లో అతనికి 704 అట్ బ్యాట్స్, 2019లో టోక్యోలో ఆడిన రెండు మ్యాచ్‌లు కలిపి 5. ఈ రెండేళ్లకీ సమానంగా విలువిస్తే లెక్క పాడే, అందుకే ప్రతి ఏడాది లీగ్ యావరేజ్‌నీ ఆ ఏడు అతని అట్ బ్యాట్స్‌తో గుణించి, మొత్తం కూడి, చివర్లో భాగించాను.

ఇంకో తలనొప్పి 2015 నుంచి 2017 దాకా. అప్పుడు మయామీ, అంటే నేషనల్ లీగ్, అక్కడ పిచర్లు కూడా బ్యాట్ పట్టేవాళ్లు, వాళ్ల బలహీన బ్యాటింగ్‌తో లీగ్ యావరేజ్ కిందికి జారి మనవాడు ఊరికే గొప్పగా కనిపిస్తాడు. ఎవరు ఎక్కువ మ్యాచ్‌లు పిచర్‌గా ఆడారో ఇంకో టేబుల్లో చూసి వాళ్లందర్నీ తీసేశా. విసుగు పని, కానీ చెయ్యకపోతే మా బావమరిది ఒప్పుకోడు.

2004 చూడండి: 262 హిట్లు (ఒక సీజన్‌లో ఇప్పటికీ అదే రికార్డు), యావరేజ్ .372. లీగ్ .270 కాబట్టి సగటు బ్యాటర్ అయితే అన్ని అట్ బ్యాట్స్‌లో 190 దగ్గర ఆగేవాడు. లీగ్ కంటే 38 శాతం పైన, టెర్రీ కంటే ఎక్కువ! అయితే ఆ 262లో 225 సింగిల్సే. ఆన్ బేస్ (ఎలాగైనా బేస్ చేరిన రేటు) .414 (లీగ్ .338), స్లగింగ్ (ఒక్కో అట్ బ్యాట్‌కి హిట్లతో సంపాదించిన బేసులు) .455 (లీగ్ .433), లీగ్‌తో ఈ రెండు నిష్పత్తులూ కూడి ఒకటి తీసేసి వందతో గుణిస్తే 128 వచ్చింది. ఇదే పద్ధతిలో అందరూ వాడే కొలత ఓపీఎస్ ప్లస్ (అందులో 100 అంటే లీగ్ సగటు) 130 అంటుంది, అందులో స్టేడియం సవరణ కూడా ఉంటుంది, సియాటెల్ గ్రౌండ్ అప్పట్లో పిచర్లకి అనుకూలం.

కెరీర్ ఓపీఎస్ ప్లస్ మాత్రం 107. "చెప్పానా బావా!" అని ఎగిరాడు వాడు. నేను షీట్‌ని 2010 దగ్గర రెండుగా కోశాను. అంతవరకు .331, వరసగా పదేళ్లు 200కి పైగా హిట్లు, ఆ తర్వాత .268. నలభై దాటాక కూడా ఆడాడు, మరి సగటు పడిపోదా? పైగా 509 స్టోలెన్ బేసులు (పిచర్ బంతి విసిరేలోపు పరిగెత్తి దక్కించుకున్న తర్వాతి బేసులు) ఓపీఎస్‌లో లెక్కకే రావు, నా దృష్టిలో అది ఇచిరోకి అన్యాయం.

వాడు సగం ఒప్పుకుని ఇప్పుడు ఇంకో పేరున్న బ్యాటర్ టోనీ గ్విన్ షీట్ కావాలంటున్నాడు. గ్విన్ ఆడిన 20 సీజన్లూ నేషనల్ లీగే, అంటే పిచర్లని ఏరే పని ప్రతి ఏడాదికీ ఉంటుంది, ఈసారి అది వాడికే అప్పగించా.