ఈపీఎఫ్ఓ రాత పరీక్ష: అమ్మ పాస్‌బుక్కు, సెక్షన్ 6

ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్ఓ)లో ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, అకౌంట్స్ ఆఫీసర్ ఉద్యోగాల రాత పరీక్ష ఫలితాల జాబితాలో నా రోల్ నంబరు చూసుకుని ఇంకా వారం కాలేదు. ఇంటర్వ్యూ మిగిలే ఉంది. అయినా కార్మిక చట్టాలు, సామాజిక భద్రత అనే రెండు భాగాలు నన్ను ఒకసారి ముంచి మరోసారి ఒడ్డున వేశాయి కనుక, ఆ సంగతి మనసులో తాజాగా ఉన్నప్పుడే తోటి అభ్యర్థులకు చెప్పాలనిపించింది. సిలబస్, మార్కుల విధానం మీకు తెలిసినవే. వాటిని మళ్లీ రాయను.

2023 జులై 2న మొదటిసారి ఈ పరీక్ష రాశాను. అప్పటికి నా గది గోడ మీద, ఎంతమంది ఉంటే ఏ నియమం వర్తిస్తుందో చెప్పే పెద్ద పట్టిక ఉండేది. ఈఎస్ఐకి (ఉద్యోగుల ఆరోగ్య బీమాకు) 10 మంది, పీఎఫ్‌కు 20 మంది, ఫ్యాక్టరీల చట్టం కింద శిశు సంరక్షణ గదికి 30 మందికి మించి మహిళలు, ప్రసూతి ప్రయోజన చట్టం కింద అదే గదికి 50 మంది ఉద్యోగులు, క్యాంటీనుకు 250 మందికి పైగా కార్మికులు. గ్రాట్యుటీకి ఐదేళ్లు, బోనస్‌కు 8.33 నుంచి 20 శాతం. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాణ్ని. కానీ పరీక్ష హాలులో నాలుగు వాక్యాలిచ్చి ఏవి సరైనవో తేల్చమన్నప్పుడు ఆ అంకెలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ప్రతి తప్పు జవాబుకూ మూడో వంతు మార్కులు కోత పడతాయని తెలిసి కూడా, ఇంత చదివాను కదా అన్న ధైర్యంతో అనుమానమున్న ప్రశ్నలన్నింటికీ గుర్తులు పెట్టాను. ఫలితాల్లో నా నంబరు లేదు.

మాది జగిత్యాల జిల్లా. అమ్మ బీడీలు చుడుతుంది. ఆ వర్షాకాలంలో నేను ఇంటి పట్టునే ఉన్నప్పుడు, తన పీఎఫ్ ఎంత జమైందో చూడమని అడిగింది. పాస్‌బుక్కు తెరిచి చూస్తే ఒక నెల వేతనం 3,600 రూపాయలు. ఆమె వాటా 360, యాజమాన్యం వాటా 60, పింఛను ఖాతాకు 300. నేను బట్టీ పట్టింది 12 శాతం. ఆ లెక్కన ఆమె వాటా 432 ఉండాలి, పింఛనుకు పోగా యాజమాన్యం వాటా 132 ఉండాలి. రెండు వైపులా నెలకు 72 రూపాయల చొప్పున ఎవరో మింగేస్తున్నారని నాకు కోపం వచ్చింది. టేకేదారును (బీడీ కాంట్రాక్టరును) అడిగి వస్తానని లేచాను. "ఆగు బిడ్డా, ముందుగాల సక్కగ చూడు, ఊకనే మనిషిని అనొద్దు" అని అమ్మ ఆపింది.

ఆ రాత్రి 1952 నాటి పీఎఫ్ చట్టాన్ని, గైడు పక్కన పెట్టి, మొదటిసారి మూలంలోనే చదివాను. చందా ఎంతో చెప్పే సెక్షన్ 6 అసలు పాఠంలో ఉన్నది 10 శాతమే. కేంద్ర ప్రభుత్వం విచారించి నోటిఫికేషన్ ద్వారా పేర్కొన్న సంస్థలకు ఆ 10 స్థానంలో 12 అని చదువుకోవాలని కింద ఉన్న ప్రొవైజో (షరతు వాక్యం) చెబుతుంది. బీడీ, జనుము, ఇటుకలు, కొబ్బరిపీచు వంటి కొన్ని పరిశ్రమల్లో ఇప్పటికీ 10 శాతమే నడుస్తోంది. యాజమాన్యం ఇచ్చే 10లో 8.33 పింఛను పథకానికి పోతే మిగిలేది 1.67, 3,600 మీద అది సరిగ్గా 60 రూపాయలు. అమ్మ లెక్కలో తప్పు లేదు. నేను నియమం అనుకున్నది ప్రొవైజో, మినహాయింపు అనుకున్నది అసలు నియమం.

అక్కడి నుంచి నా చదువు దారి మారింది. ఇంట్లో కూర్చుని, వేళ అంటూ లేకుండా, ఎవరి పర్యవేక్షణా లేకుండా వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే మనిషి ఉద్యోగి ఎలా అవుతుందన్న ప్రశ్నతో, ఉద్యోగి అంటే ఎవరో చెప్పే సెక్షన్ 2(ఎఫ్) చదివాను. సంస్థ పనిలో గానీ, ఆ పనికి సంబంధించి గానీ, నేరుగా గానీ పరోక్షంగా గానీ యజమాని నుంచి వేతనం పొందేవారు, కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. బీడీ పరిశ్రమకు 1977లో ఈ చట్టం వర్తించినప్పుడు యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి, పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి దగ్గర చుట్టేవారూ ఉద్యోగులేనని తేల్చింది. నాసిరకం బీడీలను తిరస్కరించే హక్కు యజమానికి ఉందంటే అతనికి పనిపై నియంత్రణ ఉన్నట్టేనన్నది అందులోని తర్కం. దానికి ముందు 1973లో, మన తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం కింద వచ్చిన సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో, బట్టకింత అని కుట్టే దర్జీల విషయంలోనూ కోర్టు ఇదే దారిలో నడిచింది. బాగా లేని బీడీలను కార్ఖానాలో పక్కన పడేస్తే అమ్మ చిన్నబుచ్చుకుని ఇంటికి రావడం చిన్నప్పటి నుంచి చూశాను. ఆమెను ఉద్యోగిగా నిలబెట్టింది ఆ తిరస్కరణేనని తెలిసిన రోజు చాలాసేపు పుస్తకం ముందు అలాగే కూర్చుండిపోయాను.

ఆ తరువాత ప్రతి చట్టాన్నీ ఒకే వరుసలో చదివాను: నిర్వచనాలు, వర్తింపు, ప్రొవైజోలు, చివరికి అంకెలు. పీఎఫ్ చట్టంలో సెక్షన్ 7ఏ కింద బకాయి తేల్చడం, 14బి కింద నష్టపరిహారం, 7క్యూ కింద 12 శాతం వడ్డీ అనేవి ఎగవేసిన ఒక యజమానిని ఊహించుకుని వరుసగా చదివితే మరచిపోవడమే ఉండదు. రోజూ తెల్లవారుజామున రెండు గంటలు మూల చట్టానికే కేటాయించాను, పండుగ నాడు కూడా మానలేదు. ఇంత వయసొచ్చి ఇంట్లో ఖాళీగా ఉన్నాడని మా వాడలో అన్నవారున్నారు. ఆ రెండేళ్లలో నేను ఖాళీగా లేను. సగం రోజు ట్యూషన్లు చెప్పి, మిగతా సగం చదివాను. కోచింగుకు పోకపోవడం పొగరు వల్ల కాదు, ఆ ఫీజు ఎన్ని వేల బీడీలో నాకు తెలుసు. గైడు చదివి గెలిచినవారూ ఉంటారు, కాదనను. కానీ మూల చట్టం తెరవకుండా ఈ ఉద్యోగానికి రావాలనుకోవడం సరికాదని నా గట్టి నమ్మకం. రేపు మనం రాసే ఉత్తర్వు మీద ఒక మనిషి పింఛను ఆధారపడి ఉంటుంది.

రెండో ప్రయత్నం 2025 నవంబరు 30న. సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, నవంబరు 21న, 29 చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు (పాత చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి. మా రీడింగ్ రూములో చదివినదంతా వృథా అని కంగారు పడి కొత్త నోట్సు కోసం పరుగెత్తినవారు ఉన్నారు. నేను అంతకుముందే ప్రతి పాత సెక్షన్ పక్కన కోడ్‌లో దాని స్థానం రాసుకున్నందున ఆ తొమ్మిది రోజులూ మార్పులకే ఇచ్చాను: వేతన నిర్వచనంలో భత్యాల మినహాయింపుకు 50 శాతం పరిమితి, నిర్ణీత కాల ఉద్యోగులకు ఏడాదికే గ్రాట్యుటీ, లేఆఫ్ (తాత్కాలికంగా పని ఆపడం), తొలగింపులకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమయ్యే కార్మికుల సంఖ్య 100 నుంచి 300కు పెరగడం, యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల కోసం అగ్రిగేటర్ల (ఆ యాప్ కంపెనీల) వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వాటా. అకౌంటింగ్, గణితం, ఇంగ్లీషు పాత ప్రశ్నపత్రాలతోనే పూర్తి చేశాను. ఈసారి అనుమానమున్న ప్రశ్నలను వదిలేశాను.

ఇప్పుడు ఇంటర్వ్యూ కోసం ఒకే ప్రశ్న మీద కూర్చున్నాను. సామాజిక భద్రత కోడ్‌లో ఉద్యోగికి ఒక నిర్వచనం ఉంది, ఇంటి వద్ద నుంచి పనిచేసే కార్మికులకు వేరే నిర్వచనం ఉంది. ఆ రెండో నిర్వచనం అసంఘటిత రంగం వైపు తీసుకుపోతుంది. పి.ఎం. పటేల్ తీర్పుతో ఉద్యోగి అయిన బీడీ కార్మికురాలు ఇకపై ఏ గడపలో నిలబడుతుందని బోర్డు అడిగితే ఏం చెప్పాలి? నాలుగు పేజీలు రాసి కొట్టేశాను. పక్క గదిలో అమ్మ తునికాకు కత్తిరిస్తోంది. తన పేరు మీద బీడీ కార్మికుల కార్డు చేతికి రాకముందు, మా మేనత్త కార్డు మీద అమ్మ బీడీలు చుట్టిన సంవత్సరాలు ఏ ఖాతాలోనూ లేవు. ఐదో పేజీని అక్కడి నుంచే మొదలుపెట్టాను.