అడుగు కనిపించే నీళ్లు: లా మద్దలేనా దీవుల్లో నా అనుభవం

మాది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. చుట్టూ గ్రానైట్ క్వారీలే. రాయి తీసి వదిలేసిన గుంతల్లో వానాకాలం నీళ్లు నిండేవి. నేను ఐదో తరగతిలో ఉండగా మా పెద్దనాన్న కొడుకు అలాంటి ఒక గుంతలో ఈతకు దిగి మళ్లీ పైకి రాలేదు. ఆకుపచ్చగా, అడుగు కనపడని నీళ్లు. ఆ రోజు నుంచి అమ్మ నన్ను బావి దగ్గరికి కూడా పోనివ్వలేదు. నలభై రెండేళ్లు వచ్చినా నాకు ఈత రాదు.

ఇప్పుడు మేం మ్యూనిక్‌లో ఉంటున్నాం. ఇక్కడ పిల్లలకు చిన్నప్పుడే ఈత నేర్పించి, సముద్రపు గుర్రం బొమ్మ ఉన్న బ్యాడ్జి ఇస్తారు. మా పాపకి అది ఆరేళ్లకే వచ్చింది. ఇప్పుడు దానికి పదకొండు. రెండేళ్లుగా ఒకటే అడుగుతోంది: "నాన్నా, సముద్రంలో చేపలు చూద్దాం, నువ్వు కూడా నీళ్లలోకి రావాలి." ఎక్కడికి వెళ్లినా ఒడ్డున తువ్వాలు పట్టుకుని కూర్చునేది నేనే. ఈసారి దాని మాట కాదనలేకపోయాను.

ఇటలీలోని సార్డీనియాకి ఉత్తరం కొసన లా మద్దలేనా దీవులున్నాయి. పెద్దవి ఏడు: లా మద్దలేనా, కప్రేరా, సాంతో స్టెఫానో, స్పార్జి, బుదెల్లి, సాంతా మరియా, రజ్జోలి. 1994 నుంచి ఇదంతా జాతీయ పార్కు. ఓల్బియా ఎయిర్‌పోర్టులో దిగితే పడవలు బయల్దేరే పలావు ఊరు దాదాపు నలభై కిలోమీటర్లు. సెప్టెంబర్ మొదటి వారం ఎంచుకున్నాం. ఆగస్టు రద్దీ తగ్గుతుంది, వేసవంతా ఎండకు కాగిన నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో ముందే సరైన నిర్ణయం తీసుకున్నాం.

బుకింగ్ దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. ఇంటి నుంచే ఒక సైట్‌లో ప్రైవేట్ బోటుకి అడ్వాన్సు కట్టాం. ఇక రెండు రోజుల్లో ప్రయాణమనగా, బోటు ఇంజిన్ పాడైంది, అరవై మందితో పోయే పెద్ద పడవలో సీట్లిస్తాం అని మెయిల్ వచ్చింది. వద్దన్నాం. డబ్బు తిరిగి రావడానికి మూడు వారాలు, ఐదు మెయిళ్లు పట్టాయి. అడ్వాన్సు కట్టే ముందు రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: బోటు మీ వల్ల ఆగిపోతే డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు? గాలి వల్ల ఆగిపోతే ఇంకో రోజు ఇస్తారా, డబ్బే ఇస్తారా? ఈ రెండూ వేరువేరు సంగతులు. నేను మొదటిది అడగలేదు.

పలావు రేవులో దిగాక ఇంకో ఆశ ఎదురైంది. ఇటలీలో 40 హార్స్‌పవర్ దాకా ఇంజిన్ ఉన్న చిన్న బోటుని పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండానే అద్దెకు తీసుకుని నడపవచ్చు. అంచులు గాలి నింపిన ట్యూబులతో ఉండే ఆ బోటుని గొమ్మోనె అంటారు. పది నిమిషాల్లో నేర్పిస్తాం, మీ ఇష్టం వచ్చినట్టు తిరగండి అన్నారు ఒక చోట. బోటు నడిపే మనిషిని, అంటే స్కిప్పర్‌ని, పెట్టుకుంటే అయ్యే ఖర్చులో సగం కూడా కాదు. నిజం చెప్పాలంటే నా మనసు అటే లాగింది. మా ఆవిడే ఆపింది. "మీకు ఈత రాదు, దారి తెలియదు, బోటు నడపడమూ రాదు. పాప నీళ్లలో ఉంటే బోటు ఎవరు చూస్తారండీ?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అక్కడ నీటి పైకి కనిపించని బండలు చాలా ఉన్నాయని తర్వాత కళ్లారా చూశాక, ఆ రోజు ఆమె అడ్డుపడటం ఎంత మంచిదైందో అర్థమైంది. బోటు నడిపిన అనుభవం లేనివాళ్లు, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవాళ్లు, ఆ డబ్బు మిగుల్చుకోవద్దు.

మాకు దొరికింది ఏడు మీటర్ల గొమ్మోనె, స్కిప్పర్‌తో, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా. పెట్రోలు, పార్కు టికెట్లు కలిపి 600 యూరోలు దాటింది. చిన్న మొత్తం కాదు. బేరం ఆడేటప్పుడు పెట్రోలు అందులోనే కలిసిందా అని తప్పకుండా అడగాలి. నీడకు పైన గుడ్డ పందిరి ఉందా, నీళ్లలోంచి ఎక్కడానికి నిచ్చెన ఉందా అని కూడా చూడాలి. ఈత రానివాళ్లకి ఆ నిచ్చెనే ప్రాణం.

తీరా చూస్తే ఆ రోజు బోటు కదల్లేదు, మర్నాడూ కదల్లేదు. వాయవ్యం నుంచి వీచే గాలిని అక్కడ మాయెస్త్రాలె అంటారు. సార్డీనియాకీ, ఫ్రాన్స్‌కి చెందిన కోర్సికాకీ మధ్య ఉన్న బోనిఫాచో జలసంధి అతి సన్నని చోట దాదాపు 11 కిలోమీటర్లే. గాలి ఆ సందులోకి దూరేసరికి ఇంకా జోరందుకుంటుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది, సముద్రం మాత్రం తెల్లటి నురగతో పొంగుతోంది. అందుకే మూడు నాలుగు రోజులు చేతిలో పెట్టుకుని వెళ్లండి. బోటుని మొదటి రోజుకే పెట్టుకోండి, గాలి వస్తే వెనక్కి జరుపుకోవచ్చు.

ఆగిన ఆ రెండు రోజుల్లో ఒకరోజు పలావు పక్కనే ఉన్న ఎలుగుబంటి రాయి చూడటానికి కొండెక్కాం. గాలికీ వానకీ కోసుకుపోయి అచ్చం ఎలుగుబంటిలా నిలబడ్డ గ్రానైట్ బండ అది. దాన్ని చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుండ్రటి బండలు మా ఊరి గుట్టలే. మన దక్కన్ రాయి వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు, అక్కడిది ముప్పై కోట్ల ఏళ్లు. వయసులో అంత తేడా ఉన్నా పోలిక అదే. కాకపోతే మా గుట్టల కింద వరి పొలాలుంటాయి, ఇక్కడ సముద్రం.

మూడో రోజు గాలి పడిపోయింది. స్కిప్పర్ యాభై దాటిన ఒక పెద్దావిడ. బోటెక్కగానే ఆవిడ అడిగిన మొదటి మాట: "మీలో ఈత రానిది ఎవరికి?" అప్పటిదాకా మేం మాట్లాడిన నాలుగు కంపెనీల్లో ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను చెయ్యెత్తాను. "మంచిది, ముందే చెప్పారు" అని నా లైఫ్ జాకెట్ పట్టీలు తానే బిగించింది. కోస్ట్ గార్డ్ నంబరు 1530 అని చెప్పి, మా ఆవిడ ఫోన్‌లో సేవ్ చేయించింది. మా ఆవిడ వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకుంది. బోటు ఉరికేటప్పుడు ఏమీ కాదు, లంగరు వేసి ఊగుతున్నప్పుడే కడుపులో తిప్పుతుంది.

మొదట స్పార్జి దీవి దక్షిణపు కొసన ఉన్న కాలా కోర్సారా అనే చిన్న తీరానికి వెళ్లాం. వాయవ్యపు అల మిగిలి ఉన్నా దీవి అడ్డం కాబట్టి ఆ మూల నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. ఆవిడ లంగరు వెంటనే వేయలేదు. బోటు మెల్లగా తిప్పుతూ కిందికి చూస్తోంది. లేత నీలంగా ఉంటే ఇసుక, ముదురు మచ్చలా ఉంటే పోసిడోనియా. ఆ పోసిడోనియా నాచు కాదు, వేళ్లూ ఆకులూ పూలూ కాయలూ ఉన్న మొక్క. ఇక్కడి ఈ రకం మధ్యధరా సముద్రంలో తప్ప ఇంకెక్కడా పెరగదు. చేపలు గుడ్లు పెట్టేది, పిల్లలు దాక్కునేది అందులోనే. లంగరు ఒక్కసారి ఈడిస్తే ఊడిపోయిన ముక్క తిరిగి పెరగడానికి ఏళ్లకేళ్లు పడుతుంది. ఇసుక మీదే లంగరు పడిందని చూసుకున్నాకే ఆవిడ ఇంజిన్ ఆపింది. స్కిప్పర్ మంచివారా కాదా అన్నది నాకు అక్కడే తెలిసింది.

ఇక నీళ్ల కింద చూడటానికి కళ్లనీ ముక్కునీ కప్పే అద్దాల మాస్క్. పట్టీ వెనక్కి వేసుకోకుండా మాస్క్‌ని ఊరికే ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చెయ్యి తీసేసినా అది ముఖానికి అంటుకుని ఉంటే మీకు సరిపోయినట్టు. నాది జారిపోయింది. ఆవిడ నా మీసం చూపించింది. రబ్బరు అంచు వెంట్రుకల మీద ఆనితే సందు మిగులుతుంది, అక్కడి నుంచి నీళ్లు వస్తాయి. పై పెదవి మీద, మీసానికి వాసెలిన్ దట్టంగా రాసింది. ఈసారి అతుక్కుంది. అద్దం లోపల ఉమ్మి వేసి వేలితో రుద్ది, సముద్రపు నీళ్లతో కడగాలి, లేకపోతే ఆవిరి పట్టి ఏమీ కనపడదు. గాలి పీల్చే గొట్టాన్ని స్నార్కెల్ అంటారు, దాని రబ్బరు ముక్కని పళ్ల మధ్య గట్టిగా కొరకకూడదు, పెదవులు మూసి పట్టుకుంటే చాలు. కొరికితే పది నిమిషాల్లో దవడలు నొప్పెడతాయి.

నడుము లోతులో నిలబెట్టింది. ముఖం నీళ్లలో పెట్టమంది. పెట్టాను. ఊపిరి బిగుసుకుపోయింది. నోట్లో గొట్టం ఉంది, గాలి వస్తుందని తెలుసు, అయినా ఛాతీ కదలదు. తల పైకెత్తేశాను. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎత్తాను. మూడోసారి గొట్టంలోకి నీళ్లు పోయి ఉక్కిరిబిక్కిరయ్యాను. నా కళ్ల ముందు ఆ ఆకుపచ్చ గుంతే కనిపించింది. ఇక వద్దు అన్నాను.

ఆవిడ తొందరపెట్టలేదు. "పియానో, పియానో" అంది. మెల్లగా అని. గొట్టంలో నీళ్లుంటే "తూ" అని ఒక్క ఊపు ఊదితే పైనుంచి పోతాయని చూపించి, నిలబడే ఇరవై సార్లు ఊదించింది. పాప వచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నువ్వు లెక్కపెట్టు. నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. నాకు మా టీచర్ ఇలాగే నేర్పింది." ఒకటి, రెండు, మూడు, నాలుగు. గొట్టంలో నా ఊపిరి చప్పుడు నాకే వినిపిస్తోంది. ఆరు దాకా వదిలాను. మళ్లీ పీల్చాను. ఎన్నోసారికో తెలియదు, లెక్క మరిచిపోయాను. కాళ్లు వాటంతటవే పైకి తేలాయి.

కింద ఇసుక మీద వెలుగు వలలా ఆడుతోంది. బంగారు చారల సాల్పా చేపలు మందగా వచ్చి గొర్రెల్లా తలలు వంచి పోసిడోనియా మేస్తున్నాయి. తోక దగ్గర నల్లమచ్చ ఉన్న వెండి చేపలు నా చేతుల మధ్య నుంచే దూరిపోయాయి. బండ సందులో గోరంత చేపపిల్లలు, కరెంటు దీపంలా మెరిసే నీలం. పెద్దయ్యాక అవి నల్లబడతాయట. పాప నా చెయ్యి గట్టిగా నొక్కి ముందుకి చూపించింది. బండ అంచు అక్కడ తెగి లోతు మొదలైంది. కింద, ఇరవై అడుగులు ఉంటుందేమో, గుండ్రటి గ్రానైట్ బండలు ఒకదాని మీద ఒకటి. మా ఊరి గుట్టని నీళ్లలో ముంచి పైనుంచి చూస్తున్నట్టుంది. ఒక్కో రాయి, రాతి మీది గీత కూడా కనిపిస్తోంది. భయం వేయలేదు అనను. కానీ పాప చెయ్యి వదల్లేదు, లెక్క కూడా ఆపలేదు.

మధ్యాహ్నం బుదెల్లి వైపు వెళ్లాం. అక్కడి గులాబీ ఇసుక తీరం పేరు చాలామంది వినే ఉంటారు. పోసిడోనియా మీద బతికే అతి చిన్న ఎర్రటి జీవుల పెంకులు పొడి అయి ఇసుకలో కలిసి ఆ రంగు వచ్చింది. జనం సీసాల్లో ఇసుక పట్టుకుపోవడం, లంగర్లు పోసిడోనియాని పీకేయడంతో రంగు తగ్గిపోయి, 1990ల నుంచి అక్కడ కాలు పెట్టనివ్వడం లేదు. మౌరో మొరాండి అనే ఆయన 1989లో ఈ దీవికి చేరి, 2021 దాకా ఒంటరిగా దానికి కాపలా ఉన్నారు. మేం దూరం నుంచే చూశాం. సార్డీనియాలో ఎక్కడ ఇసుక తీసినా 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా ఉంది. అది సరైన పనే. పాప బూట్లలో మిగిలిన ఇసుకని కూడా బోటు దిగేముందు దులిపించాను.

బుదెల్లి, రజ్జోలి, సాంతా మరియా దీవుల మధ్య పోర్తో దెల్లా మదోన్నా అనే లోతు తక్కువ చోటు ఉంది. ఈత రానివాళ్లకి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు. అక్కడే పులిహోర డబ్బా తెరిచాం. స్కిప్పర్ రెండోసారి అడిగి పెట్టించుకుంది, మాకు అప్పడంలాంటి సార్డీనియా రొట్టె, గొర్రెపాల చీజ్ ఇచ్చింది.

తిరిగి వస్తుంటే సాంతో స్టెఫానో దీవి చూపించి, అక్కడ పాత గ్రానైట్ క్వారీ ఉందని, ముస్సోలినీ కాలంలో కొస్తాంత్సో చానో అనే నాయకుడికి చెక్కడం మొదలుపెట్టిన పెద్ద విగ్రహం సగంలోనే వదిలేస్తే ఇంకా అక్కడే పడి ఉందని చెప్పింది. మాదీ క్వారీల ఊరే అన్నాను. గుంతలో పోయిన మా పెద్దనాన్న కొడుకు సంగతి కూడా చెప్పాను. ఇంగ్లిష్‌లో నాకు వచ్చిన నాలుగు ముక్కల్లోనే. ఆవిడ ఇంజిన్ వేగం తగ్గించి, కాసేపు ఏమీ అనకుండా నడిపింది.

రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాను. ముందే చెబితే టెన్షన్ పడుతుందని దాచాను. పాపే ఫోన్ లాక్కుని అంతా చెప్పేసింది. అమ్మ ముఖం మాడిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు.

"లోతు ఎంతుండె బిడ్డా?" అంది చివరికి.

"మూడు నిలువులుంటదేమో అమ్మా."

"అడుగు కనవడ్డదా?"

"కనవడ్డదమ్మా. ఒక్కొక్క రాయి కనవడ్డది."