నాన్న మాత్రలు, చంటిదాని దగ్గు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంట్లో ఒకరికి టీబీ అంటే అందరి కళ్లూ ఆ ఒక్కరి మాత్రల మీదే. పక్కనే పడుకునే చంటిదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. మామూలు మందులకు లొంగే టీబీ అయితే, ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలకు జబ్బు లేకున్నా నివారణ మందు పడాలి: ఐసోనియాజిడ్, కిలో బరువుకు దాదాపు 10 మిల్లీగ్రాములు, రోజూ, 6 నెలలు. పది కిలోల బిడ్డకు 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, నలిపి నీళ్లలో కలిపి పట్టొచ్చు. అంతకుముందు దగ్గు, జ్వరం, బరువు పెరగకపోవడం చూసి జబ్బు లేదని డాక్టరు తేల్చాలి. జబ్బున్న బిడ్డకు ఈ ఒక్క మందే ఇస్తే క్రిమి మందుకు లొంగకుండా మొండికేస్తుంది.

పెద్దవాళ్ల కోర్సూ 6 నెలలే. మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు, భయం లేదు. అసలు చిక్కు రెండో నెల తర్వాత. దగ్గు తగ్గి, ఒళ్లు తేలికై, సరిహద్దులోని పాతపట్నం దాటి ఆంధ్రాకు కూలికి పోతారు, మందు ఇక్కడే ఆగిపోతుంది. నిక్షయ్ (ప్రభుత్వం టీబీ రోగులను నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థ) నంబరుతో కేసు ఆంధ్రాకు మార్చుకుని అక్కడే మాత్రలు తీసుకోవచ్చని చాలామందికి చెప్పేవాళ్లుండరు. జబ్బు తిరగబెడితే పెద్దపిల్ల బడి మాని తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. పోషణకని నెలకిచ్చే 1000 రూపాయలు (2024 నవంబరుకు ముందు 500) రోగికే అంటారు. ఒకే కుండలో వండుకునే ఇంట్లో ఆ డబ్బుతో కొన్న గుడ్డు ఎవరి కంచంలో పడుతుందో మనకు తెలియదా?