బియ్యం బుక్కుడు, ఐసు గడ్డలు, నా రక్తం

బియ్యం గురించి నన్నడగండి, చెప్తాను. పాత బియ్యం బుక్కితే కటుక్కుమనడమే తప్ప రుచి ఉండదు. కొత్త బియ్యమైతే నమిలేకొద్దీ నోట్లో పాలు ఊరతాయి, కాస్త తియ్యగా. బీపీటీ కంటే హెచ్‌ఎంటీ నయం, ఆ రెండింటి కంటే బస్తా అడుగున పిండి పట్టి మిగిలిన నూకలు ఇంకా నయం. మాది హనుమకొండలో చిన్న కిరాణం. కానీ ఈ తెలివి వ్యాపారం వల్ల వచ్చింది కాదు, గల్లాపెట్టె పక్కనున్న బస్తాలో చెయ్యి పెట్టి, గిరాకీ అటు తిరగ్గానే పిడికెడు నోట్లో పోసుకుంటూ కొన్నేళ్లు గడిపితే వచ్చింది.

అందరికీ అది నవ్వులాటే. పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందని చిన్నప్పుడు బెదిరించేవాళ్లు, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకే వాన పడుతుంది? "ఏంది వదినా, మళ్లేమన్న విశేషమా?" అని గిరాకీకి వచ్చిన ఆడవాళ్లు కన్ను కొట్టేవాళ్లు. "లాభమంతా నువ్వే బుక్కితే ఎట్లనే" అనేవాడు మా ఆయన. ఒకసారి పుట్టింట్లో ఒడిబియ్యం పోసి పంపితే ఇంటికొచ్చి వండుకునేదాకా కూడా ఆగలేకపోయాను. బస్సులోనే మూట ముడి విప్పి పసుపు బియ్యం బుక్కుతుంటే మా పెద్దోడు సిగ్గుతో వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు. తర్వాత బలపాలు మొదలయ్యాయి. దుకాణంలో డబ్బాలకు డబ్బాలు ఉంటాయి కదా, అడిగేవాడెవడు? (ఈ మధ్య ఆన్‌లైన్లో తినడానికే అని బలపాలు అమ్ముతున్నారు, చూసి ఒళ్లు మండింది.) ఆ తర్వాత ఐసు. వాన పడితే తడిసిన గోడ వాసనకు నోరూరేది.

విచిత్రం ఏంటంటే అసలు ఆకలి మాత్రం చచ్చిపోయింది. వేడి అన్నం ముందు పెట్టుకుంటే నాలుగు ముద్దలు దిగేవి కావు. నాలుక నున్నగా అయిపోయి కారం తగిలితే మంట, పెదవుల మూలల్లో పగుళ్లు. అన్నానికి బదులు టీ తాగి దుకాణంలో కూర్చునేదాన్ని. నెలసరి వచ్చిందంటే ఇక ఆ వారం గురించి చెప్పను, ఆడవాళ్లకు అర్థమవుతుంది. ఎవరికి చెప్పినా "ఈ వయసులో గట్లనే ఉంటది" అన్నారు.

దమ్ము వస్తోందని, మెట్లెక్కితే కాళ్లు లాగుతున్నాయని మా దగ్గర్లోని ఒక క్లినిక్‌కు పోయాను. ధైర్యం చేసి బియ్యం సంగతి కూడా చెప్పాను. ఆ డాక్టరు పెన్ను పక్కన పెట్టి నవ్వాడు. "కిరాణం ఏం సరిపోతదమ్మా, మీ ఆయన్ని రైస్ మిల్లే పెట్టమను" అన్నాడు. కాంపౌండర్ నవ్వాడు, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లూ నవ్వారు, సిగ్గుతో నేనూ నవ్వాను. గ్యాస్ గోలీలు, బీ కాంప్లెక్స్ రాసి, "అలవాటు మానుకో, మనసు గట్టి చేసుకో" అని పంపాడు. కనీసం కింది రెప్ప లాగి చూడలేదు. లాగితే చాలు, లోపల ఎర్రదనం లేదని పిల్లాడైనా చెప్పేవాడు. ఇప్పటికీ ఆ రోడ్డున పోతుంటే ఆ బోర్డు చూసి పళ్లు కొరుక్కుంటాను.

ఆ ఎండాకాలంలోనే వచ్చింది ఆ రాత్రి. మా ఆయన జనగామలో పెళ్లికి పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, లేచి కూర్చుంటే కాస్త నయం. దిండు మీద చెవి ఆనిస్తే లోపల గుండె రోకలితో దంచినట్టు వినిపిస్తోంది, అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. పిల్లలు నిద్రలో ఉన్నారు. లేపితే భయపడతారని లేపలేదు. పాక్కుంటూ వంటింట్లోకి పోయి ఫ్రిజ్ తెరిచి, ఫ్రీజర్ గోడలకు పట్టిన మంచును చెంచాతో గీకి గీకి తిన్నాను. చచ్చిపోతానేమో అనే భయం ఒక పక్క, ఇంకో చెంచా కావాలనే ఆరాటం ఒక పక్క, నిజం చెప్పాలంటే ఆరాటమే ఎక్కువ. చెంచా ఎప్పుడు జారిందో తెలియదు. కళ్లు తెరిచేసరికి బండల మీద పడి ఉన్నాను, ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది, ఆ వెలుగులో మా అత్తమ్మ నా మొహం మీదికి వంగి ఉంది. "ఓ బిడ్డా, పెదవులు గిట్ల తెల్లగైనయేందే" అంటూ నా కంటి రెప్ప లాగి చూసింది. బడి మొహం చూడని మనిషి. ఆ డాక్టరుకు తట్టనిది ఆమెకు తట్టింది.

పక్కింటి ఆటో తమ్ముడిని లేపి నక్కలగుట్ట వైపు ఒక దవాఖానకు తీసుకుపోయింది. ఆటోలో నేను ఐసు అడిగానట, "సచ్చేటప్పుడు గూడ గదేనా" అని తిట్టిందట. నాకు గుర్తు లేదు, ఆమే అందరికీ చెప్పుకుంటుంది.

హిమోగ్లోబిన్ 4.6 వచ్చింది. ఆడవాళ్లకు 12 ఉండాలి, 8 కంటే తగ్గితేనే తీవ్రమైన రక్తహీనత అంటారు. డ్యూటీలో ఉన్న డాక్టరు కుర్రవాడు, మా మేనల్లుడి వయసుంటుంది. రిపోర్టు చూడగానే అడిగిన మొదటి మాట, "అమ్మా, ఐసు గానీ బియ్యం గానీ మట్టి గానీ తినాలనిపిస్తుందా?" నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ చెప్పింది, "మట్టి ఒక్కటే తక్కువ సారూ." ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయి తల ఊపి రాసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఒక రోగానికి లక్షణంగా ఆ మాట రాసుకున్న మొదటి మనిషి అతనే.

రక్తం ఎక్కించడం, స్కానింగు, ఐరన్ సెలైన్లు, అవన్నీ అందరికీ తెలిసినవే. గర్భసంచిలో గడ్డ ఉంది, ఫైబ్రాయిడ్. దాని వల్లే నెలనెలా రక్తం పోయి పోయి ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటాయి. ఆ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష పేరు ఫెరిటిన్, నాది దాదాపు సున్నా. ఐరన్ తగ్గినవాళ్లకు ఇలా బియ్యం, సుద్ద, ఐసు మీదికి మనసు పోవడం వైద్యంలో ఎప్పటి నుంచో తెలిసిన సంగతేనట, ముఖ్యంగా ఐసు నమలడం. పైగా మట్టి లాంటివి తింటే తిండిలో ఉన్న కాస్త ఐరన్‌ను కూడా అవి పట్టేసుకుంటాయట, తిన్న వెంటనే టీ తాగితే అదీ అడ్డమే. లోటు కొద్దీ తినడం, తిన్నకొద్దీ లోటు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఐరన్ ఎక్కించాక వారం గడిచిందో లేదో, దుకాణంలో బస్తా పక్కన కూర్చుని పప్పులు తూకం వేస్తూ ఉన్నాను. పొద్దున్నుంచి చెయ్యి బస్తాలోకి పోలేదని మధ్యాహ్నం ఎప్పుడో గుర్తొచ్చింది. చూద్దామని కావాలనే నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. ఉత్త పచ్చి బియ్యం, పిండి వాసన. ఊసేశాను. అప్పటికి నా రక్తం ఇంకా 7 దాటలేదు. చూపించుకోవడానికి పోయినప్పుడు చెప్తే, ఇది ఇలాగే ఉంటుంది, రక్తం పెరగడానికి ముందే ఆ కోరిక పోతుంది అన్నారు. సంతోషపడాలి కదా, నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్లు మనసు గట్టి చేసుకో, నోరు కట్టుకో అని ఎంతమంది చెప్పారు! దేవుడి ముందు ఒట్లు కూడా పెట్టించారు. మనసులో లేనిది మనసుతో ఎట్లా పోతుంది?

మా ఆయన ఆగలేక రిపోర్టు పట్టుకుని పాత క్లినిక్‌కు పోయాడు. "నేను అప్పుడే రక్త పరీక్ష చేయించుకొమ్మన్నా కదా" అన్నాడట ఆ డాక్టరు. ఆ చీటీ నా దగ్గర భద్రంగా ఉంది. గ్యాస్ గోలీలు, బీ కాంప్లెక్స్, ఇంకేం లేదు.

ఆకలి తిరిగి వచ్చింది. పుంటికూర పప్పు, తైదల అంబలి, నిమ్మకాయ పిండుకున్న కార్జం వేపుడు, ఎంత పెట్టుకున్నా దిగిపోతోంది. "ఇప్పుడు మనిషివైనవ్" అంటుంది అత్తమ్మ. మా బావగారి సంగతి కూడా అప్పుడే తలకెక్కింది. తిన్న గంటకే మళ్లీ ఆకలంటే అందరం తిండిపోతని వెక్కిరించేవాళ్లం, పట్టుబట్టి పరీక్ష చేయిస్తే షుగర్ అని తేలింది. తిన్నది ఒంట్లో కణాలకు చేరక రక్తంలోనే ఉండిపోతే ఆకలి ఎట్లా తీరుతుంది?

ఇక చెప్పాల్సినవి చెప్పేస్తాను. ఐరన్ గోలీ వేసుకున్న గంట అటూ ఇటూ టీ వద్దు, నిమ్మరసం లాంటిది మంచిది. పాలు, క్యాల్షియం గోలీలు దానితో కలపొద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేయకండి. రక్తం 12 అయిందని ఆపొద్దు, నిల్వ నిండటానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు. ఎక్కడి నుంచి రక్తం పోతుందో తేల్చుకోకుండా గోలీలు ఒక్కటే మింగితే చిల్లు కుండలో నీళ్లే. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే సగానికి పైగా. రేషన్ బియ్యంలో ఐరన్ గింజలు కలిపి ఇస్తుంటే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారబోశారు మా వాడలో, మా అత్తమ్మతో సహా.

అత్తమ్మ ఐనవోలు మల్లన్నకు మొక్కుకుంది, సంక్రాంతి జాతరలో బోనం నేనే ఎత్తుకున్నాను. బతికించింది ఆ డ్యూటీ డాక్టరా, మల్లన్నా, ఫ్రిజ్ వెలుగులో రెప్ప లాగి చూసిన అత్తమ్మా అన్న పంచాయితీ నాకు వద్దు. గడ్డ ఆపరేషన్ మాత్రం రక్తం నిలదొక్కుకున్నాకే అన్నారు, దానికి టెన్షన్ ఉంది.

మొన్న మా వీధిలో పదో తరగతి పిల్ల ఒక్క రూపాయి బలపాలు అడిగింది. స్లేటు పట్టే తమ్ముళ్లు చెల్లెళ్లు ఆ ఇంట్లో లేరు. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ గోలీ వేసుకుంటున్నావా అంటే, వాంతికొస్తుందని కిటికీలోంచి పడేస్తారట. రెప్ప లాగి చూసి, దగ్గరుండి పరీక్ష చేయించాను. 7.8. వాళ్లమ్మ నా బిడ్డకు లేని రోగం అంటగట్టిందని నాతో మాట్లాడటం మానేసింది, సామాను కూడా వేరే దుకాణంలో తెచ్చుకుంటోంది. తెచ్చుకోనీ. గోలీలు ఆపొద్దని, నులిపురుగుల మందు కూడా వేయించమని వాళ్ల నాయనతో చెప్పి పంపాను, సరే అక్కా అన్నాడు.