రాయగడలో మా అంబాసిడర్: ఇంజిన్ మార్చాలా, ఉన్నదే బాగుచేయాలా

జూన్ 8

బండి ఇంటికి వచ్చింది. 1986 అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు, తెల్ల రంగు. జయపురంలో ఒక రిటైర్డ్ ఇంజినీరు గారి షెడ్డులో నాలుగేళ్లుగా నిలిచిపోయి ఉంది. 72,000కి బేరం కుదిరింది. కోరాపుట్ మీదుగా లారీలో తెప్పించడానికి ఇంకో 9,500 అయింది. బ్రేకులు పట్టని బండిని ఆ ఘాట్ రోడ్డులో నడిపి తేవడానికి మనసొప్పలేదు.

డబ్బు చేతిలో పెట్టే ముందు ఆర్సీ పట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఒక్కో అంకె సరిచూశాను. ప్రైవేటు కారుకి మొదటి పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆయన ఒక్కసారి కూడా మానలేదు, 2026 నవంబరు దాకా చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ కోరాపుట్‌ది. అప్పటికి మా రాయగడ కూడా కోరాపుట్ జిల్లాలోనే ఉండేది, 1992 అక్టోబరు 2న వేరే జిల్లా అయింది. మా నాన్న నడిపిన టాక్సీదీ కోరాపుట్ నంబరే. ఆ ప్లేటు చూశాక ఇంకో బండి చూడబుద్ధి కాలేదు.

డ్రైవరు కాళ్ల కింద రేకు స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగిపోయింది, అరచేతి మేర. మిగతా ఫ్లోరు, తలుపుల కింది అంచులు గట్టిగా ఉన్నాయి. పెట్రోలు ట్యాంకు దించి, కిరసనాయిలు, గుప్పెడు గులకరాళ్లు పోసి ఇద్దరం అటూ ఇటూ ఊపాం. మూడోసారి కడిగినా ఎర్ర నీళ్లే వచ్చాయి. అయిదోసారికి తేటబడింది.

జూన్ 22

కొత్త బ్యాటరీ, కొత్త ప్లగ్గులు, పాయింట్లు రుద్ది గ్యాప్ పెట్టాక స్టార్ట్ అయింది. కానీ మూడు కాళ్ల మీద నడుస్తున్నట్టు కొట్టుకుంటోంది. సైలెన్సరు దగ్గర చెయ్యి పెడితే ఒక దెబ్బ తప్పడం తెలుస్తోంది.

ఇక్కడే ఆశ మొదలైంది. పార్వతీపురంలో ఒకాయన దగ్గర 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల బాక్సుతో సహా ఉంది. 48,000 అంటున్నారు. 1990ల్లో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లే అంబాసిడర్‌లో పెట్టి అమ్మిన ఇంజిన్ అది. మా బండిలో ఉన్నది 1489 సీసీ, యాభై హార్స్‌పవర్ దగ్గర. ఇసుజుది 75. నాలుగు రోజులు రాత్రిళ్లు అదే ఆలోచన.

మా మెకానిక్ బాబాయి విని, “ఇంజిన్ పోయిందని ఎవరు చెప్పారు నాయనా? ముందు కొలు. ఆ తరవాత కొను” అన్నారు. ఆయన చేతికింద ఈ జిల్లాలో సగం అంబాసిడర్లు బాగుపడ్డాయి.

జూన్ 29

సిలిండర్లలో ఒత్తిడి ఎంత పుడుతోందో కొలిచే కంప్రెషన్ గేజి అద్దెకు తెచ్చాం. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాం. ఒకటో సిలిండర్ 118 పీఎస్‌ఐ, రెండు 112, మూడు 55, నాలుగు 116. మూడో దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొడితే 58. రింగులు అరిగితే ఆ ఆయిలు అడ్డుపడి రీడింగు బాగా పెరగాలి. పెరగలేదంటే గాలి పైనుంచి, వాల్వుల వైపు నుంచి పోతోందన్నమాట.

వాల్వుల మీది మూత, ట్యాపెట్ కవరు తీశాం. ముందు నుంచి అయిదో వాల్వు, అంటే మూడో సిలిండర్‌లో పొగ బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వు, గ్యాప్ కొలిచే సన్న రేకుల ఫీలర్ గేజిని దూరనివ్వలేదు. పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) గ్యాప్ ఉండాల్సిన చోట సన్న ఆకు కూడా పట్టలేదు. ఈ ఇంజిన్‌కి బాబాయి వాడే తొమ్మిది లెక్క చాలా పనికొచ్చింది: అయిదో వాల్వు గ్యాప్ చూడాలంటే నాలుగోది పూర్తిగా తెరుచుకుని ఉండాలి, ఒకటోది చూడాలంటే ఎనిమిదోది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

జూలై 6

వాల్వులుండే ఇంజిన్ పైభాగం, హెడ్ దించాం. అయిదో వాల్వు పక్కవాటికంటే లోపలికి కుంగి ఉంది, వేలితో తడిమితే మెట్టులా తగులుతోంది. అంచు ఒకచోట కాలి గోరంత పెచ్చు లేచిపోయింది. ఈ హెడ్‌లో రెండు, మూడు సిలిండర్ల పొగ ఒకే దారిన బయటికి పోతుంది, అందుకే నడిమధ్య వేడి ఎక్కువ. పైగా ఇవి సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టిన ఇంజిన్లు. ఆ సీసం వాల్వు సీట్ల మీద పొరలా పట్టి అరగకుండా కాచేది. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పోత ఇనుములోనే కోసిన సీటు దెబ్బకు దెబ్బ అరుగుతూ కుంగిపోయింది, గ్యాప్ పోయింది, వాల్వు పూర్తిగా మూసుకోక కాలింది.

విజయనగరంలో లేత్ షాపుకి తీసుకెళ్లాను. నాలుగు ఎగ్జాస్టులకీ గట్టి సీట్లు కూర్చోబెట్టి, నాలుగు కొత్త వాల్వులు, గైడ్లు, హెడ్ చదును చేయడం, అన్నీ కలిపి 8,400. మూడు రోజుల్లో ఇచ్చారు.

ఆ ఖాళీలో ఇసుజు లెక్క కూడా నిజాయితీగా వేశాను. ఐదు గేర్ల బాక్సుకి గేరు కర్ర ఫ్లోరులోంచి పైకి వస్తుంది, మాది స్టీరింగు పక్కన గేరు. అంటే మధ్యలో ఫ్లోరు కోయాలి. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు, బలమంతా ఆ రేకులోనే ఉంది. ముందున్న పొడుగు సీటు తీసేయాలి, ప్రొపెల్లర్ షాఫ్ట్ సరిచేయించాలి. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, వాటిని వదిలేసి పవరు పెంచలేను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఓ అనుమతి లేకుండా ఇంజిన్ మార్చకూడదు. రెన్యువల్‌కి బండి తీసుకెళ్లినప్పుడు ఇంజిన్ నంబరు కలవకపోతే ఇంతకాలం ఆ ఇంజినీరు గారు కాపాడుకొచ్చిన ఆర్సీ ఏమవుతుందో అని నాకు టెన్షన్.

జూలై 20

హెడ్ బిగించాం, మధ్య నట్ల నుంచి బయటికి, మూడు విడతలుగా. ఇంజిన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించి గ్యాపులు చూసుకున్నాం. బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు కాబట్టి రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దాన్ని తట్టుకునేవి వేశాను. పాత పైపు వంచితే లోపల బీటలు కనిపించాయి.

మూడో సిలిండర్ ఇప్పుడు 114. నిలకడ మీద ఇంజిన్ ఆడుతుంటే బానెట్ మీద పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు కొంచెం వణికాయి, ఒలకలేదు. మా అమ్మ గుమ్మంలోకి వచ్చి, “మీ నాన్న బండి చప్పుడే” అని అక్కడే నిలబడిపోయింది.

బ్రేక్ షూలు, వీల్ సిలిండర్లు కటక్ నుంచి రావాలి. అవి వేసి, ఫ్లోరు రేకు వెల్డింగ్ అయ్యాక మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లి పూజ చేయిస్తాను. సాయంత్రం పార్వతీపురం ఫోన్ చేసి, ఇంజిన్‌కి వేరే బేరం వస్తే ఇచ్చేయండి అని చెప్పాను.