ఐబీరియా ద్వీపకల్ప పటం: పాత తీరరేఖ పూర్తయింది, మొదటి రెండు పొరలు సిద్ధం

ఐబీరియా ద్వీపకల్పానికి, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ నేలకు, ప్రాచీన కాలంలో వర్తకానికి వచ్చినవారిని, స్థిరపడినవారిని, ఏలినవారిని ఒకే పటంలో చూపాలని మొదలుపెట్టిన పనిలో అన్ని పొరలకూ కింద ఉండే అడుగు షీటు పూర్తయింది. స్కేలు 20 లక్షలకు ఒకటి, అంటే సెంటీమీటరుకు 20 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా సుమారు 1,100 కిలోమీటర్ల నేల ఏ1 కాగితం మీద 55 సెంటీమీటర్లలో ఇమిడి, చుట్టూ సముద్రానికి కావలసినంత చోటు మిగులుతుంది.

నేటి అట్లాసులోని తీరాన్ని యథాతథంగా ట్రేస్ చేసి దానిపై పాత ఊళ్లను గుర్తిస్తే, అవి అక్కడే ఎందుకు వెలిశాయో పటం చెప్పలేదు. అందుకే ఎక్కువ కాలం తీరరేఖకే వెచ్చించాను. గ్వాదల్కివీర్ నది సముద్రంలో కలిసేచోట నేడు దోన్యానా చిత్తడి నేలలున్న ప్రాంతమంతా ఆనాడు విశాలమైన ఖాతం. దానిని పలుచని నీలి వాటర్ కలర్‌తో నింపగానే, 1958లో బంగారు నగల నిధి బయటపడిన సెవిల్ దగ్గరి ఎల్ కరంబోలో గుట్ట సముద్రపు నీటికి ఎంత చేరువలో ఉండేదో తెలిసిపోయింది. ఎబ్రో డెల్టాలో చాలా భాగం తరువాతి ఒండ్రే కనుక దానిని వదిలేశాను. మాలగాకు తూర్పున వేలెజ్ నది దగ్గరి తోస్కానోస్ ఈనాడు పొలాల మధ్య గుట్టగా కనిపిస్తుంది, కానీ నేటి లెబనాన్ తీరం నుంచి వచ్చిన సముద్ర వర్తకులైన ఫినీషియన్లు అక్కడ స్థిరపడిన రోజుల్లో దాని పక్కనే ఓడలు నిలిచే లోతైన నదీముఖం ఉండేది. నా దృష్టిలో ఫినీషియన్ల చరిత్రకు మొదటి ఆధారం ఈ తీరమే.

ఒక్కొక్క జాతికి ఒక పాలిస్టర్ డ్రాఫ్టింగ్ ఫిల్మ్ కేటాయించాను. నాలుగు మూలలా ప్లస్ గుర్తులు వేసుకుంటే పొరలు ఒకదానిపై ఒకటి కచ్చితంగా కూర్చుంటాయి. చేతి జిడ్డు తగిలిన చోట ఇంకు విరుగుతుంది కాబట్టి, సుద్దపొడిని పలుచగా రుద్ది, మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచి, అరచేతి కింద తెల్ల కాగితం పెట్టుకొని గీయడం అవసరం. ఊళ్ల గుర్తులకు 0.25 మిల్లీమీటర్ల పెన్ను సరిపోతుంది.

ఫినీషియన్ల పొరకు ఊదా రంగు వాడాను, ఎందుకంటే వారి టైర్ నగరం పేరుపొందింది ఆ రంగుతోనే. గాదిర్, అంటే నేటి కాదిజ్, స్థాపన క్రీ.పూ. 1100 ప్రాంతంలో జరిగిందని పాత రచయితలు చెబుతున్నా, తవ్వకాల్లో దొరికిన ఆధారాలు క్రీ.పూ. 9వ శతాబ్దం నాటివి కనుక పటంలో రెండవదే రాశాను. ఆనాటి గాదిర్ దీవుల సముదాయం. పట్టణం చిన్న దీవిపైన, ఫినీషియన్ల దేవుడు మెల్కార్త్ ఆలయం పొడవాటి దీవి దక్షిణపు కొసన ఉండేవి. వీటిని సెంటీమీటరుకు కిలోమీటరు చొప్పున విడి చిత్రంగా గీయక తప్పలేదు. నైరుతి స్పెయిన్‌లోని రియో టింటో గనుల వెండి గుర్తును మాత్రం పెద్దదిగానే పెట్టాను, ఆ వెండి లేకపోతే ఇంత దూరపు ప్రయాణానికి అర్థం లేదు.

గ్రీకుల పొరలో ఊళ్లు తక్కువ. నేటి టర్కీ పడమటి తీరంలోని ఫొకాయా నగరపు గ్రీకులు మస్సాలియా (నేటి మార్సెయి) మీదుగా వచ్చి క్రీ.పూ. 575 ప్రాంతంలో ఈశాన్య తీరాన స్థాపించిన ఎంపోరియోన్‌ను మాత్రం శ్రద్ధగా గీశాను. అక్కడ గ్రీకులు, స్థానికులు పక్కపక్కనే, మధ్య గోడతో నివసించేవారని, రాత్రిపూట గ్రీకు పౌరుల్లో మూడోవంతు మంది గోడపై కాపలా ఉండేవారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ గోడను గీస్తున్నంతసేపు వర్తకానికి, భయానికి మధ్య ఉన్న దూరం ఎంత తక్కువో స్పష్టంగా అనిపించింది.

ఇక ఉత్తర ఆఫ్రికా నగరరాజ్యం కార్తేజ్, రోమ్ రెండింటికీ కలిపి వేసే పొర మిగిలింది. క్రీ.పూ. 237లో కార్తేజ్ సేనాని హామిల్కార్ బార్కా గాదిర్‌లో దిగడం నుంచి క్రీ.పూ. 19లో రోమన్ చక్రవర్తి అగస్టస్ సేనలు ఉత్తరాన్ని లొంగదీసుకోవడం వరకు దానిలో చూపాలి. ఐబీరియన్లు, కెల్టిబీరియన్లు, లుసిటానియన్లు వంటి స్థానికుల పేర్లను ఏ ఫిల్మ్‌పైనా కాక అడుగు షీటు మీదనే, సరిహద్దు గీతలు లేకుండా, ఎడంగా పరచిన అక్షరాలతో రాస్తున్నాను. పై పొరలన్నీ తీసేసినా వారి పేర్లు పటంలో ఉండాలి.