మోషే అడగని ఏడో ప్రశ్న

సంఖ్యాకాండము 13 అనగానే సండే స్కూల్ బొమ్మే గుర్తొస్తుంది. ఇద్దరు మనుషులు, భుజాల మీద దండె, దానికి వేలాడే ద్రాక్షగెల. ఆ గెల మీదే కన్ను నిలిచిపోయి 17 నుంచి 20 వరకు ఉన్న వచనాలను చాలామంది దాటేస్తారు. కనాను దేశాన్ని చూసి రమ్మని పన్నెండుమంది వేగులవాళ్లను పంపేటప్పుడు మోషే అప్పజెప్పిన ప్రశ్నలు అక్కడున్నాయి. లెక్కపెడితే ఆరు. జనం బలవంతులా, బలహీనులా? కొద్దిమందా, చాలామందా? దేశం మంచిదా, చెడ్డదా? ఉండేది గుడారాల్లోనా, కోటల్లోనా? నేల సారవంతమా, నిస్సారమా? చెట్లున్నాయా, లేవా?

"మనం గెలవగలమా?" అని మాత్రం అడగలేదు.

40 రోజుల తర్వాత తిరిగొచ్చి వాళ్లు మొదట చెప్పినదంతా (27-29) నిజమే. పాలు తేనెలు ప్రవహించే దేశం, ఇవిగో పండ్లు, పట్టణాలకు ప్రాకారాలున్నాయి, అక్కడ అనాకీయులను (భారీకాయుల వంశం వాళ్లను) చూశాం. ఆ పన్నెండుమందిలో ఒకడైన కాలేబు ఇందులో ఒక్క మాటా కాదనలేదు. తేడా వచ్చింది 31వ వచనంలో: కాలేబు, యెహోషువ తప్ప మిగతా పదిమందీ మోషే అడగని ఏడో ప్రశ్నకు జవాబిచ్చేశారు, మనవల్ల కాదని. ఇక అక్కడి నుంచి మాటలు ఎలా పెరిగాయో చూడండి. ఇందాక "అనాకీయులను చూశాం" అన్నవాళ్లు 32కి వచ్చేసరికి "అందరూ ఎత్తైనవాళ్లే" అన్నారు. ఆ దేశం తన నివాసులనే మింగేస్తుందన్నారు. మింగేసే దేశంలో జనం అంత ఏపుగా ఎలా పెరిగారో ఎవరూ అడిగినట్టు లేదు. 33లో తాము మిడతలైపోయారు. పైగా "వారి దృష్టికి" కూడా అంతేనట! ఎదుటివాళ్లను అడిగి తెలుసుకున్నారా? లేదు. ఆ అవతలి చూపేమిటో యెహోషువ 2లో కనాను పట్టణమైన యెరికోలో ఉండే రాహాబు చెబుతుంది: ఎర్రసముద్రం ఆరిపోయిన సంగతి విని మా గుండెలు కరిగిపోయాయని. అంతెందుకు, కనాను నివాసులు కరిగిపోతారని ఇశ్రాయేలీయులే సముద్రం దాటిన రోజు పాడారు (నిర్గమకాండము 15). అది పాడి అప్పటికి ఏడాది దాటి కొన్ని నెలలే.

మన భయం మీద దీన్ని వాడాలంటే ఒక కాగితం చాలు. మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కంటితో చూసినవి, కొలిచినవి, ఎవరైనా నోటితో చెప్పినవి మాత్రమే: బయాప్సీ రిపోర్టులో ఉన్న మాట, ఆపరేషన్ తేదీ, బ్యాంకు బాకీ, చేతిలో ఉన్న డబ్బు. కుడివైపు మన ఊహలు: "పిల్ల పెళ్లి ఇక జరగదు", "బంధువుల్లో చులకనైపోతాం". "అందరూ", "ఎప్పటికీ", "ఇక" అనే మాటలున్న వాక్యం దాదాపు ఎప్పుడూ కుడివైపుదే. ఎక్కువమంది పొరపాటు చేసేది ఎడమవైపే. విశ్వాసం అంటే అక్కడి అంకెలను తగ్గించి రాయడం అనుకుంటారు. యూదా రాజు హిజ్కియా అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని మందిరంలో విప్పి పరిచి, ఆ రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఒప్పుకునే ప్రార్థించాడు (2 రాజులు 19). ద్వితీయోపదేశకాండము 9లో మోషే కూడా ఆకాశాన్నంటే ప్రాకారాలనీ, పొడవైన అనాకీయులనీ ఉన్నదున్నట్టే చెప్పాడు. మూడో వచనంలో మాత్రం ఇశ్రాయేలీయులకు ముందుగా నడిచేది దేవుడేనని చెప్పాడు. దేవుని చూపు కొలతలను మార్చదు. ఆ పదిమంది వేగులవాళ్లు తమను అనాకీయుల పక్కన నిలబెట్టుకుని కొలుచుకున్నారు. యెహోషువ, కాలేబు అనాకీయులను దేవుని పక్కన నిలబెట్టారు (14:9).

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా సంఖ్యాకాండము 14 చివర ఉంది. పదిమంది మాట నమ్మినందుకు ఆ తరం అరణ్యంలోనే రాలిపోతుందన్న శిక్ష విన్న మర్నాడు ఉదయాన్నే జనం యుద్ధానికి కొండెక్కడానికి సిద్ధమయ్యారు. వద్దని మోషే చెప్పినా వినలేదు. దేవుని సన్నిధికి గుర్తైన మందసం పాళెంలోనే ఉండిపోయింది. అమాలేకీయులు, కనానీయులు వాళ్లను హోర్మా అనే చోటు వరకు తరిమి కొట్టారు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చేతికొచ్చిన, బైబిలు వచనమున్న వాగ్దాన కార్డు చూపించి మందులు ఆపేయడం, కట్టలేని అప్పు తేవడం ఈ కోవలోకే వస్తాయని నా అభిప్రాయం. ఆ కార్డు మీది వచనాన్ని దాని అధ్యాయం మొత్తంతో కలిపి చదవండి. అది ఎవరికి, ఏ పని గురించి చెప్పిన మాటో చూడండి. మాత్రలు మాత్రం వేళకు వేసుకోవాల్సిందే.

కాగితం మీద తేదీ వేసి బైబిల్లో పెట్టుకోండి. "మనం జయించగలం" (13:30) అన్న కాలేబుకు తన మాట నిజం కావడానికి 45 ఏళ్లు పట్టింది. 85 ఏళ్ల వయసులో హెబ్రోను కొండసీమను తనకిమ్మని అడిగేటప్పుడు కూడా అనాకీయులున్నారనీ, ప్రాకారాలున్న గొప్ప పట్టణాలున్నాయనీ తనే చెప్పాడు (యెహోషువ 14:12). అప్పటి పదిమంది చెప్పిన ఎడమవైపు జాబితానే అది. తర్వాతి అధ్యాయంలో హెబ్రోను నుంచి అతను వెళ్లగొట్టిన వాళ్ల పేర్లున్నాయి: షేషయి, అహీమాను, తల్మయి. సంఖ్యాకాండము 13:22 తీసి చూడండి, అవే పేర్లు.